నాయిన పేరుతో వెళ్ళిన ఉత్తరాలు

ఆ ఎండాకాలం ప్రతి మంగళవారం మా నాయిన నాగర్‌కర్నూల్ వచ్చేవాడు. బస్టాండు వెనక సందులో జితేందర్ అన్న నడిపే నెట్ సెంటర్లో, రోజూ పొద్దున్నే మా ఊరి నుంచి వచ్చి నేను పనిచేసేదాన్ని. కోడేరు వైపు నుంచి వచ్చే పదిగంటల బస్సు దిగి, చెప్పులు గుమ్మం బయట విడిచి, తలకు చుట్టుకున్న తువ్వాలతో ముఖం తుడుచుకుని, మూలనున్న నాలుగో కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ఆ పూటకు ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వొద్దని జితేందర్ అన్నే చెప్పాడు. నేను మెయిల్ తెరిచి పక్కకు తప్పుకునేదాన్ని. ఆ తర్వాత గంటసేపు నాయిన మా అక్క రాసిన ఉత్తరాలు చదువుకునేవాడు.

అక్క పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

అక్క పేరు సింధూజ. హైదరాబాద్‌లో బీమా కాగితాలను స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టే ఒక ఆఫీసులో పనిచేసేది. నాయినకు చెవులు వినపడవు. వయసులో ఉండగా బావుల్లో బండ పగలగొట్టడానికి తూటాలు పేల్చే పనికి పోయేవాడు. ఆ పని ఆయన చెవులు తీసుకుంది. ఫోను చెవికి ఆనిస్తే ఈగ మోతలా ఉందని తిరిగి ఇచ్చేసేవాడు. కానీ ఐదో తరగతి దాకా చదివాడు, కూడబలుక్కుని ఏదైనా చదవగలడు. అందుకే అక్క ఒక ఉపాయం ఆలోచించింది. నాయిన పేరు మీద మెయిల్ తెరిచింది. ఆఫీసులో పనికిరాని ఫారాల వెనక తెలుగులో చేత్తో ఉత్తరం రాసి, స్కాన్ చేసి, ఆ మెయిల్‌కు పంపేది. పంపేది స్కానర్ నుంచే కనుక అక్కడ నకలేదీ మిగిలేది కాదు, అసలు కాగితం వాళ్ళ ఆఫీసు చెత్తబుట్టలోకి పోయేది. ఇక్కడ కంప్యూటర్ తెర మీద అక్క చేతిరాత వెలిగేది. అక్షరాలు కనపడకపోతే నేను పెద్దవి చేసి చూపేదాన్ని. సున్నా చుట్టిన చోట అక్క పెన్ను ఆపి మళ్ళీ మొదలుపెట్టిన సందు కూడా కనిపించేది.

అట్లా పదిహేడు ఉత్తరాలు. భాద్రపదంలో డెంగీ జ్వరం వచ్చి, దవాఖానలో చేర్చిన నాలుగో రోజు అక్క పోయింది.

నాయిన ఒకసారి అడిగాడు. "ఇవన్ని కాయితం మీద తీసిస్తవా బిడ్డా?"

మా సెంటర్ ప్రింటర్ అప్పుడు మసి పూసినట్టు తీస్తుండేది. నేను ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాను. "ఎందుకు నాయినా, కాయితమైతే చెదలు తింటయ్. కంప్యూటర్ల ఉంటె ఏం గావు."

ఆ మాట నాదే.

మే నెల రెండో వారం. పరీక్షల ఫలితాల రోజులు కావడంతో సెంటర్ నిండా పిల్లలున్నారు. నాయిన వచ్చి కూర్చున్నాక మెయిల్ తెరిస్తే, అక్క ఉత్తరాల పైన కొత్తది ఒకటి కనిపించింది. సామాన్లు అమ్మే ఒక పెద్ద షాపింగ్ సైటు పేరుంది. ఇంగ్లీషులో రాసి ఉంది. 'ప్రియమైన కస్టమర్, మీ కోసం ఆర్డరు చేసిన వస్తువును మీకు అందించలేకపోయాం. నలభై ఎనిమిది గంటల్లోగా కింది లింకు నొక్కి మీ వివరాలు ఇవ్వకపోతే ఆర్డరు రద్దవుతుంది, వస్తువు వెనక్కి పోతుంది' అని దాని సారాంశం.

"ఏమొచ్చింది బిడ్డా?"

చెప్పాను. నాయినతో మాట్లాడాలంటే అరవాలి. పిల్లలు తలలు తిప్పి చూశారు. ఆయన తెర మీద వేలు పెట్టి, అక్క ఆఖరి ఉత్తరం తెరవమన్నాడు. దాని చివరి వరుస నాకూ తెలుసు. 'నాయినా, నీకు ఒక వస్తువు కంప్యూటర్ల కొని పంపుతున్న. ఏందో చెప్ప. వచ్చినంక చూడు.' ఆ వస్తువు ఎప్పుడూ రాలేదు. కొనకముందే జ్వరం వచ్చిందని మేం అనుకున్నాం.

"గదే బిడ్డా. అక్క పంపిందే."

"తొమ్మిది నెల్లయింది నాయినా."

"అయితే ఏంది? సర్కారు కాలువకు పోయిన మన మడికట్టు పైసలు పదకొండేండ్లకు రాలేదా? జర చూడు."

లింకు నొక్కాను. ఆ సైటు రంగులే, ఆ సైటు గుర్తే. పేరు, ఊరు, ఫోను నంబరు అడిగింది. చివర మెయిల్ చిరునామా, దాని పాస్‌వర్డ్. సామాను పంపేవాళ్ళకు మెయిల్ పాస్‌వర్డ్ ఎందుకు అని ఒక్క క్షణం అనిపించింది. వచ్చిన మెయిల్‌లో నాయిన పేరు లేదు. వస్తువు పేరు లేదు. ఇవన్నీ నాకు కనిపించాయి. కనిపించలేదని తర్వాత అందరికీ చెప్పాను గానీ, కనిపించాయి. నా కుర్చీ వీపు మీద నాయిన చెయ్యి ఉంది. అక్క ఏం కొన్నదో చూడాలని నాకూ ఉంది.

పాస్‌వర్డ్ అక్క పెట్టిందే. అమ్మ పేరూ నా పేరూ కలిపి, ఇందిరస్వరూప. కొట్టాను. తెర ఒకసారి తెల్లబడి, సైటు మొదటి పేజీ వచ్చింది. చీరలు, గడియారాలు, మిక్సీలు.

"అయిందా?"

"అయింది నాయినా."

ఆ వారం మా ఇంట్లో మాటలు వినిపించాయి. అక్క పోయాక అమ్మా నాయినా ఎదురెదురుగా కూర్చుని తిని లేవడమే తప్ప, అవసరం లేని మాట ఒకటి మాట్లాడుకోగా నేను చూడలేదు. ఇప్పుడు వస్తువు ఏమై ఉంటుందని వాదులాట.

"చెవుల మిషనే," అంది అమ్మ, పొయ్యి దగ్గర నుంచి అరుస్తూ. "నీతోని మాట్లాడి మాట్లాడి దానికి గొంతు వోయింది. ఇంకేం కొంటది?"

"కాదు. బ్యాటరీ లైటు. పోయిన యాసంగిల చేన్ల పాము కనవడ్డదని చెప్పిన గద దానికి."

"లైటు కోడేర్ల దొరకదా?"

"గట్టిది దొరకదు," అన్నాడు నాయిన, పట్టువదలకుండా. మూడు రోజులు పోస్టాఫీసుకు వెళ్ళి అడిగి వచ్చాడు. అమ్మ గూట్లో పాత డబ్బాలు తీసేసి, తుడిచి, చోటు చేసింది.

తర్వాతి మంగళవారం మెయిల్ తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ తప్పు అంది. నేను మళ్ళీ కొట్టాను. పెద్దక్షరాల మీట చూశాను. మళ్ళీ కొట్టాను. నాయిన తువ్వాల ఒళ్ళో పెట్టుకుని ఓపికగా కూర్చున్నాడు. కరెంటు లోపం అనుకున్నాడు. నేను జితేందర్ అన్నను పిలిచి, వచ్చిన మెయిల్ సంగతి మెల్లగా చెప్పాను. మెల్లగా చెప్పినందుకు నాయినకు వినపడలేదు.

జితేందర్ అన్న నుదురు పట్టుకున్నాడు. "స్వరూపా, లింకు మీద బాణం గుర్తు పెడితె కింద అసలు అడ్రసు కనవడ్తది. నొక్కక ముందు చూసినవా?"

"లేదన్నా."

"నిరుడు వనపర్తిల మా దోస్తు సెంటర్ల గిట్లనే అయింది. సైటు పేరుల ఒక్క అక్షరం ఎక్కువ పెడ్తరు. మనం చదివినట్టే అనుకుంటం, చదవం. ఆ పేజీ ఆ కంపెనీది కాదు. దొంగలది."

మెయిల్ కంపెనీ వాళ్ళ పేజీలో, పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్ళ కోసం ఒక ప్రశ్న ఉంటుంది. మెయిల్ తెరిచిన రోజు అక్కే పెట్టిన ప్రశ్న. జవాబు సరిగ్గా చెబితే కొత్త పాస్‌వర్డ్ ఇస్తారు. 'చిన్నప్పటి నీ దోస్తు పేరు?' దొంగలు దాన్ని మార్చలేదు. రోజుకు మూడుసార్లే జవాబు కొట్టనిస్తుంది.

నాయినను అడిగాను. "అక్క దోస్తు ఎవరు నాయినా? చిన్నప్పటిది?"

"రాధ. బడి కాడి రాధమ్మ బిడ్డ."

కాదు.

"మరి ఆ సార్ బిడ్డ... పేరేముండె?" ఆ పిల్ల పేరు నాకు గుర్తుంది, కొట్టాను.

అదీ కాదు. మూడోసారి నేనే నా పేరు కొట్టాను. అదీ కాదు. నాయిన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. సొంత కూతురి దోస్తు పేరు తెలియదని ఒప్పుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. "నాకు తెల్వదు బిడ్డా," అన్నాడు, ఎప్పటిలాగే గట్టిగా. ఫలితాల కోసం వచ్చిన పిల్లలంతా విన్నారు.

మూడు రోజులు తొమ్మిది పేర్లు కొట్టాను. అమ్మకు చెప్పలేదు. నాలుగో రోజు పొద్దున రొట్టెలు చేస్తుంటే పక్కన కూర్చుని అడిగాను. అమ్మ చెయ్యి ఆపకుండానే చెప్పింది.

"జోగు. హన్మవ్వ మనుమరాలు జోగులమ్మ. మూడో తరగతిలుండంగ అమ్మ నాయిన ఎంట పుణె దిక్కు పనికి వోయింది, మల్ల రాలె. అది పోయినంక మీ అక్క పది దినాలు అన్నం తినలె. పెద్దగయినంక గూడ పొద్దుమాపు దాని పేరే తీస్తుండె." రొట్టె తిప్పి వేసింది. "మీ నాయినకు ఎట్ల తెలుస్తది, వినవడకపాయె."

ఆ మాటకు నాకు ఒక సంగతి అర్థమైంది. ఇంట్లో అక్క మాట్లాడిన మాటలన్నీ మాకు దక్కాయి. నాయినకు దక్కినవి ఆ పదిహేడు ఉత్తరాలే.

జోగు అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొట్టగానే మెయిల్ తెరుచుకుంది.

లోపల ఒక్క ఉత్తరం లేదు. చెత్తబుట్ట కూడా ఖాళీ. అన్ని గదులూ వెతికాను. పంపిన మెయిళ్ళ గది మాత్రం నిండి ఉంది. నాలుగువందల పైచిలుకు. అన్నీ ఒకటే. 'ప్రియమైన కస్టమర్, మీ కోసం ఆర్డరు చేసిన వస్తువును...' ఎవరెవరికో, మేం ఎన్నడూ వినని పేర్లకు, నాయిన చిరునామా నుంచి వెళ్ళాయి.

అది మంగళవారం కాదు. అయినా ఆ రోజు నాయిన వచ్చాడు. నాలుగు రోజులుగా రోజూ వస్తున్నాడు. తెర మీద తెల్లటి ఖాళీ చూసి నా ముఖం వైపు తిరిగాడు. చెప్పాలంటే అరవాలి. వెనక పదిమంది పిల్లలు. అరవలేకపోయాను. ఎవరిదో పాడైన మార్కుల ప్రింటు వెనక్కి తిప్పి రాశాను. 'అక్క ఉత్తరాలు దొంగలు తీసేసిండ్రు. ఇగ రావు. ఆ రోజు వచ్చింది దొంగ మెయిల్. నేను పాస్‌వర్డ్ ఇచ్చినందుకే పోయినయి.'

నాయిన చదివాడు. వేలు వరుస వెంబడి చివరి దాకా పోయింది. మళ్ళీ మొదటికి వచ్చి, మళ్ళీ చదివాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"వస్తువు గూడ రాదా?" అన్నాడు.

తల అడ్డంగా ఊపాను.

ఆయన లేచి బయటికి పోయి చెప్పులు వేసుకున్నాడు. ఏమనుకున్నాడో, చెప్పులు విడిచి మళ్ళీ లోపలికి వచ్చాడు. తెర చూపించి, "మరి ఇవేంది, గిన్ని ఉన్నయ్?" అని అడిగాడు.

దీనికి అరవక తప్పలేదు. "దొంగలు అందరికి పంపిండ్రు నాయినా. మనకు పంపినట్టే."

"ఎవరి పేరు మీద?"

"నీ పేరు మీదనే."

ఆయన ముఖంలో కోపం చూడటం ఆ ఎండాకాలంలో అదొక్కసారే. "నేను పంపిన్నా? లింగయ్య పంపిండని అనుకుంటరు గద వాళ్ళు. పా, ఠాణాకు పోదం."

ఠాణాలో హన్మంతు అనే కానిస్టేబుల్ ఉన్నాడు. మంచివాడే. కుర్చీ వేయించి, నీళ్ళు ఇప్పించి, కాగితం ముందు పెట్టుకున్నాడు.

"ఏం పోయినయమ్మా?"

"ఉత్తరాలు సార్."

"రిజిస్ట్రీ పోస్టా?"

"కాదు సార్. కంప్యూటర్ల ఉండె."

"పైసలు గిట్ల పోయినయా?"

"పోలేదు సార్."

ఆయన పెన్ను గాల్లో ఆపాడు. "మరి పోయినదాని విలువ కాడ ఏమని రాయాలె?"

నాయిన నా భుజం తట్టాడు. "ఏమంటుండు?"

"ఉత్తరాల విలువ ఎంతని అడుగుతుండు!" అని అరిచాను. పక్క గదిలో మాటలు ఆగిపోయాయి.

నాయిన హన్మంతు వైపు తిరిగి చేతులు జోడించాడు. "మా పెద్దబిడ్డ రాసినయ్ సార్. బిడ్డ లేదు."

హన్మంతు విలువ అన్న చోటు ఖాళీగా వదిలేసి, కింద ముద్ర వేసి, ఒక ప్రతి మాకు ఇచ్చాడు. "గిసొంటియి పట్టేటోళ్ళు హైదరాబాద్ల ఉంటరు. నేను పంపిస్త పెద్దాయనా. దొరుకుతరని మాత్రం మాట ఇయ్యలేను."

సెంటర్‌కు తిరిగి వచ్చాక జితేందర్ అన్న నా పక్కన కూర్చుని నేర్పాడు. పంపిన వాటిలో ఒక మెయిల్ తీసి, దాని లింకు అసలు చిరునామా రాసి, అసలు షాపింగ్ సైటు వాళ్ళు ఫిర్యాదుల కోసం పెట్టిన చిరునామాకు పంపాం. మెయిల్ కంపెనీకి ఒకటి రాశాం, తీసేసిన ఉత్తరాలు తిరిగి ఇప్పించమని. ఇక అయిపోయిందని నేను లేస్తుంటే నాయిన ఆపాడు.

"ఈ నాలుగొందలమందికి ఎవరు చెప్పాలె?"

ఆయన చెప్పాడు, నేను కాగితం మీద తెలుగులో రాసుకుని, కింద ఇంగ్లీషు చేశాను. 'అయ్యా, అమ్మా. మీకు నా పేరు మీద ఒక ఉత్తరం వచ్చి ఉంటది. అది నేను పంపలే. సైటు పేరు మంచిగ చూడుండ్రి, ఒక అక్షరం ఎక్కువ ఉన్నది. సామాను ఏం రాదు. మీ పాస్‌వర్డ్ ఇయ్యకుండ్రి. నేను నమ్మిన. లింగయ్య.'

'నేను నమ్మిన' దగ్గర నా చెయ్యి ఆగింది. నొక్కింది నేను. ఆయన వంగి తెర వైపు చూశాడు. "రాసినవా?" రాశాను.

రోజుకు కొన్నిటిని మించి పంపనివ్వదు కనుక ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ ఆయన నా పక్కన కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. 'బిడ్డా' అని పిలవడం కూడా మానేశాడు. ఎప్పుడు మానేశాడో నాకు మొదట తెలియలేదు, తెలిశాక మాత్రం ఎప్పుడు అంటాడా అని ప్రతి మాటకూ చెవి పెట్టి కూర్చున్నాను. తిడితే బాగుండేది.

జవాబులు కొన్ని వచ్చాయి. ఎక్కువ బూతులే. అవి నేను ఆయనకు చెప్పలేదు. షాపింగ్ సైటు వాళ్ళు ఒక నంబరూ రెండు వరుసలూ పంపారు. వారానికి ఆ లింకు నొక్కితే పేజీ రావడం మానేసింది. మెయిల్ కంపెనీ నుంచి వచ్చిన జవాబులో, తుడిచేసిన ఉత్తరాలు తిరిగి ఇవ్వడం సాధ్యం కాదని ఉంది. విచారిస్తున్నామని కూడా ఉంది.

ఒక్క జవాబు నాయినకు చదివి వినిపించాను. ఎవరో ఒక ఆవిడ, ఊరు రాయలేదు. 'నేను పాస్‌వర్డ్ సగం కొట్టాక మీ ఉత్తరం వచ్చింది, ఆగిపోయాను. మీకు ఏం పోయింది లింగయ్య గారూ?' అని అడిగింది.

నాయిన తువ్వాల భుజాన వేసుకుని లేచాడు.

"ఏం పోలేదని రాయి," అన్నాడు.

ఆ తర్వాత ఆయన నాగర్‌కర్నూల్ రావడం మానేశాడు. మంగళవారం పది గంటలకు బస్సు వచ్చేది, పోయేది. నాలుగో కంప్యూటర్ ముందు ఎవరో ఒకరు కూర్చునేవారు. మెయిల్ నమ్మే ముందు ఏమేం చూడాలో పెద్దక్షరాలతో నేనే రాసి గోడకు అతికించాను. అది చదివి ఇద్దరు ముగ్గురు నన్ను పిలిచి చూపించారు, ఇది నిజమేనా అక్కా అని. నిజం కాని వాటిని వెంటనే గుర్తుపట్టేదాన్ని.

మృగశిరలో మంచి వాన పడింది. సెలవు పెట్టి చేనుకు పోయాను. నాయిన నాగలితో సాళ్ళు తీస్తుంటే, వెనక అమ్మా నేనూ పత్తి గింజలు పెట్టుకుంటూ నడిచాం. పొద్దు నడినెత్తికి వచ్చాక గట్టు మీద కూర్చుని రొట్టె తిన్నాం. ఉత్తరాలు పోయిన సంగతి అప్పటికి అమ్మకూ తెలుసు, ఉన్నట్టుండి నాయిన వైపు వంగింది.

"అది ఏమేం రాసేది? నేను ఒక్కటి సూడకపోతి. చెప్పు."

నాయిన ముద్ద మింగి, నీళ్ళు తాగి, మొదలుపెట్టాడు. వినపడనివాడి గొంతు, పక్క చేల దాకా పోతుంది. మొదటి ఉత్తరంలో హాస్టల్ అన్నంలో రాళ్ళు. రెండో దాంట్లో లిఫ్టులో ఇరుక్కున్న సంగతి. జీతం నాడు కొన్న పచ్చ చీర. కిటికీలోంచి కనిపించే మసీదు. నీకు తెలుగు చదవడం మరిచిపోకుండా ఉండాలని పెద్దగా రాస్తున్న నాయినా అన్న మాట. వరుస తప్పలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. అప్పుడప్పుడు నవ్వింది కూడా.

పదిహేడోది అయ్యాక నాయిన ఆగాడు. ఎదుట తడిసిన దుక్కి వైపు చూస్తూ, "ఇంకొకటి గూడ రాసింది," అన్నాడు. "చెల్లె తెల్వక ఏదన్న తప్పు చేస్తే దాన్ని ఏమనకుండ్రి, అది చిన్నది, అని రాసింది."

"గట్ల రాసిందా?" అంది అమ్మ.

"రాసింది. ఆఖరు ఉత్తరంల."

ఆ పదిహేడు ఉత్తరాలూ ప్రతి మంగళవారం తెరిచి పెట్టింది నేను. ఆయన భుజం మీదుగా అన్నీ చదివాను. ఆ మాట వాటిలో లేదు.

నాయిన చేతులు దులుపుకుని లేచి, నాగలి దగ్గరికి పోతూ వెనక్కి తిరిగాడు.

"మొగులైతుంది. లే బిడ్డా," అన్నాడు.

గింజల సంచి ఒళ్ళో కట్టుకుని ఆయన తీసిన సాలులోకి దిగాను.